చరిత్రలో ఈ రోజు: ఒకే తేదీన జరిగిన ఘటనలను వెతికి, సరిచూసి, పేర్చడం ఎలా?

1893 సెప్టెంబర్ 11న షికాగోలో ప్రపంచ మత మహాసభ మొదలైంది. తొలి రోజే స్వామి వివేకానంద ప్రసంగించారు. 1906 సెప్టెంబర్ 11న జోహన్నెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటర్‌లో, దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతపు భారతీయులు సమావేశమై, తమను అవమానించే చట్టానికి తలవంచబోమని గాంధీ సమక్షంలో ప్రమాణం చేశారు. 1973లో అదే తేదీన చిలీ సైన్యం తన దేశాధ్యక్ష భవనం మీదే బాంబులు వేసి అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చేసింది. 2001లో అదే తేదీన అమెరికాలో ఉగ్రవాదులు నాలుగు విమానాలను హైజాక్ చేసి జరిపిన దాడుల్లో 2,977 మంది చనిపోయారు.

ఈ నాలుగింటినీ ఒకేచోట చదివితే మనసు ఒక్క క్షణం ఆగుతుంది. ‘చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షికకు ఉన్న బలం అదే. పత్రికలో వేసినా, తరగతి గదిలో బోర్డు మీద రాసినా, ఫోన్‌లో నలుగురికి పంపినా జనం చదువుతారు. అయితే ఈ ఘటనలను ఒక పేజీలోకి తెచ్చింది తేదీ ఒక్కటే. ఆ తేదీ తప్పయితే ఆ ఘటనకు ఆ పేజీలో చోటే లేదు. అందుకే ఈ పనిలో సగానికి పైగా శ్రమ తేదీని సరిచూడడానికే పోతుంది, పోవాలి కూడా. మొదటిసారి ఇలాంటి పేజీ తయారు చేసేవారికి పనికొచ్చేలా, పని జరిగే వరుసలోనే చెబుతాను.

1. ముందు అన్నీ పోగేయండి

ఒక తేదీ తీసుకోండి. ఎన్‌సైక్లోపీడియాలు, పాత పత్రికలు, జీవిత చరిత్రలు, సంస్థల అధికారిక చరిత్రలు, ఎక్కడ ఆ తేదీ కనిపించినా రాసుకోండి. ఈ దశలో ఏదీ వదలొద్దు, దేన్నీ నమ్మొద్దు.

రాసుకోవడానికి స్ప్రెడ్‌షీట్ అయితే హాయి. సంవత్సరం, ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అనే మూడు గళ్లు అందరూ పెడతారు. వాటికి ఇంకో నాలుగు కలపండి: ఏ క్యాలెండర్ ప్రకారం ఆ తేదీ, ఏ ఊరి సమయం ప్రకారం, ఆ తేదీన కచ్చితంగా జరిగింది ఏమిటి, ఈ సంగతి నాకు ఎక్కడ దొరికింది. మొదట్లో ఈ గళ్లు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఒక్కోటీ నింపుకుంటూ పోవడమే మిగతా పని.

2. ఆ రోజు నిజంగా జరిగింది ఏమిటో తేల్చండి

పెద్ద ఘటన ఏదైనా ఒక్క రోజులో పూర్తి కాదు. ఓటింగ్ ఒక రోజు, సంతకాలు ఇంకో రోజు, అమలు మరో రోజు. జనం నోట్లో మాత్రం ఒక్క తేదీయే మిగులుతుంది.

అమెరికా స్వాతంత్ర్యం సంగతి చూడండి. బ్రిటన్ నుంచి విడిపోవాలన్న తీర్మానాన్ని అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ ఆమోదించింది 1776 జులై 2న. రాబోయే తరాలు జులై 2నే పండుగ చేసుకుంటాయని ఆ కాంగ్రెస్ సభ్యుడు జాన్ ఆడమ్స్ తన భార్యకు ఉత్తరం కూడా రాశారు. జులై 4న ఆమోదం పొందింది ప్రకటన పాఠం. దాని మీద ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. కాబట్టి మీ జాబితాలో ‘1776 జులై 4: స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు’ అని ఉంటే దిద్దాలి. ‘స్వాతంత్ర్య ప్రకటనకు కాంగ్రెస్ ఆమోదం’ అని రాస్తే సరిపోతుంది.

భారత రాజ్యాంగానికీ రెండు తేదీలున్నాయి. రాజ్యాంగ సభ ఆమోదించింది 1949 నవంబర్ 26న. పౌరసత్వం, ఎన్నికలు వంటి కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి, మిగతావన్నీ 1950 జనవరి 26న. రెండు తేదీల పేజీల్లోనూ దీనికి చోటుంది, కానీ రెండు చోట్లా ఒకే వాక్యం రాయకూడదు.

సైన్స్ విషయాల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 1928 ఫిబ్రవరి 28 రామన్ ఎఫెక్ట్ తేదీ, ఇండియాలో జాతీయ సైన్స్ దినోత్సవం ఆ రోజే. 1953లో అదే ఫిబ్రవరి 28న కేంబ్రిడ్జ్‌లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం ఎలా ఉంటుందో పట్టుకున్నారు. రెండు గొప్ప ఆవిష్కరణలు ఒకే తేదీన! ఇది నిజంగా వేసుకోదగ్గ జంట. కానీ డీఎన్ఏ వ్యాసం ‘నేచర్’లో అచ్చయింది ఏప్రిల్ 25న. ఎవరైనా ఆ తేదీ చూపించి మీది తప్పంటే, ‘కనుగొన్నది’ అని రాశామా, ‘ప్రచురించింది’ అని రాశామా అన్నదే మీకు జవాబు.

ఒక్కముక్కలో చెప్పాలంటే, ప్రతి ఎంట్రీలో క్రియ మీద దృష్టి పెట్టండి. ఆమోదించారా, సంతకం చేశారా, ప్రకటించారా, అమలు చేశారా? క్రియ కచ్చితంగా పడితే తేదీ దానంతట అదే తేలుతుంది.

3. ఏ క్యాలెండర్ ప్రకారమో చూడండి

ఎక్కువ మంది పడిపోయే గొయ్యి ఇదే. కాస్త నిదానంగా చదవండి.

ఇప్పుడు మనం వాడేది గ్రెగోరియన్ క్యాలెండర్. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ దీన్ని ప్రవేశపెట్టారు. అంతకు ముందు యూరప్ అంతా వాడిన జూలియన్ క్యాలెండర్ రుతువులతో పోలిస్తే పది రోజులు తప్పింది. దాన్ని సరిచేయడానికి 1582 అక్టోబర్ 4, గురువారం తర్వాతి రోజును అక్టోబర్ 15, శుక్రవారంగా లెక్కపెట్టారు. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీలో చాలా భాగం, పోలెండ్ వెంటనే మారాయి. ఆవిలా తెరెసా అనే స్పెయిన్ సన్యాసిని కన్నుమూసింది సరిగ్గా ఆ రాత్రే, అంటే నాలుగో తేదీకీ పదిహేనో తేదీకీ మధ్య. ఆమె స్మారక దినం ఇప్పటికీ అక్టోబర్ 15.

మిగతా దేశాలు తాపీగా మారాయి. బ్రిటన్, దాని వలసలు 1752లో సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా సెప్టెంబర్ 14కు దూకాయి. రష్యా 1918లో జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14కు వెళ్లింది. గ్రీస్ 1923 దాకా ఆగింది. అంటే మూడు వందల ఏళ్లకు పైగా ఒకే రోజుకు రెండు దేశాల్లో రెండు తేదీలు నడిచాయి.

దీనివల్ల పుట్టిన పొరపాట్లలో అన్నిటికంటే పేరున్నది 1616 ఏప్రిల్ 23. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ ఒకే రోజు చనిపోయారని ఎన్నిచోట్ల చదివి ఉంటారో! షేక్‌స్పియర్ చనిపోయిన ఏప్రిల్ 23 ఇంగ్లండ్ పాత క్యాలెండర్ లెక్క. స్పెయిన్‌లో ఆ రోజు మే 3. పైగా సెర్వాంటెస్ చనిపోయింది ఏప్రిల్ 22న, ఖననం జరిగింది 23న అని పండితులు ఇప్పుడు చెబుతున్నారు. ఇద్దరి మరణాల మధ్య పదకొండు రోజుల తేడా ఉంది. యునెస్కో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఏప్రిల్ 23ను ఎంచుకున్నది ఈ ఇద్దరి తేదీ చూసే. ఆ ఎంపికలో తప్పేమీ లేదు, తేదీ పేరు ఇద్దరికీ ఒకటే. మీరు కూడా ‘ఒకే తేదీ’ అని రాయొచ్చు. ‘ఒకే రోజు’ అని మాత్రం రాయొద్దు.

న్యూటన్ విషయంలోనూ ఇంతే. గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని చెబుతుంటారు. గెలీలియో మరణం 1642 జనవరి 8, అది కొత్త క్యాలెండర్. న్యూటన్ జననం 1642 డిసెంబర్ 25, అది ఇంగ్లండ్ పాత క్యాలెండర్. ఒకే క్యాలెండర్‌లో చూస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. అసలైన కలయిక వేరే ఉంది. గెలీలియో చనిపోయిన సరిగ్గా మూడు వందల ఏళ్లకు, 1942 జనవరి 8న స్టీఫెన్ హాకింగ్ పుట్టారు. ఆయన 2018 మార్చి 14న కన్నుమూశారు. అది ఐన్‌స్టీన్ పుట్టిన తేదీ. ఈ రెండింటికీ లెక్క సరిగ్గా సరిపోతుంది.

లెక్క మార్చడానికి ఈ కొలతలు గుర్తుంచుకుంటే చాలు. జూలియన్ తేదీకి 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 దాకా 11, 1900 దాకా 12, ఆ తర్వాత 13 రోజులు కలపాలి. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ 1917 అక్టోబర్ 25న జరిగింది. 13 కలిపితే నవంబర్ 7. ‘ఫిబ్రవరి విప్లవం’ మొదలైన ఫిబ్రవరి 23కు 13 కలిపితే మార్చి 8, అంతర్జాతీయ మహిళా దినోత్సవం. ఆ రోజు అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో మహిళా కార్మికులు వీధుల్లోకి రావడంతోనే ఆ విప్లవం రాజుకుంది. తేదీ మార్చి చూసుకోకపోతే ఇంత ముఖ్యమైన సంబంధం కనబడకుండానే పోతుంది.

ఇంగ్లండ్ తేదీల్లో ఇంకో చిక్కుంది. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకని జనవరి, ఫిబ్రవరి, మార్చిలో చాలా భాగం పాత ఏడాది కిందే ఉండేవి. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పటి లెక్కలో ఆ తేదీ 1731 ఫిబ్రవరి 11. ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22. రోజూ మారింది, సంవత్సరమూ మారింది. మొదటి చార్లెస్ రాజు తల నరికింది 1649 జనవరి 30 అని ఇప్పుడు రాస్తాం, ఆనాటి కాగితాల్లో 1648 అని ఉంటుంది.

మరి ఏ పద్ధతి పాటించాలి? 1582కు ముందు ఘటనలను జూలియన్ తేదీలోనే ఉంచేయండి, చరిత్రకారులు చేసేది అదే. స్కాట్లండ్ సేనలు స్టిర్లింగ్ బ్రిడ్జ్ దగ్గర ఇంగ్లండ్‌ను ఓడించిన 1297 సెప్టెంబర్ 11ను ఎవరూ సెప్టెంబర్ 18గా మార్చి రాయరు. 1582 తర్వాతవైతే, ఆ దేశం అప్పటికి మారిందో లేదో చూసి, మారకపోతే రెండు తేదీలూ రాయండి. పేజీలో ఏ తేదీ కింద వేయాలన్నది మీ ఇష్టం, కానీ ఒకసారి పెట్టుకున్న పద్ధతిని అన్ని ఎంట్రీలకూ పాటించాలి.

తిథుల ప్రకారం, హిజ్రీ నెలల ప్రకారం నమోదైన ఘటనలకు ఈ మార్పిడి ఇంకా సున్నితంగా ఉంటుంది. హిజ్రీలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి సాయంత్రం జరిగిన ఘటనకు ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. శివాజీ జననానికి మహారాష్ట్ర ప్రభుత్వం పాటించే తేదీ 1630 ఫిబ్రవరి 19. ఫాల్గుణ బహుళ తదియ తిథి ప్రకారం జరుపుకునేవారూ ఉన్నారు, ఆ తిథి ఏటా వేరే తేదీన వస్తుంది. ఇలాంటి చోట మీరు మార్చి లెక్కకట్టొద్దు, అధికారికంగా వాడుకలో ఉన్న తేదీనే తీసుకోండి.

4. గడియారం కూడా చూడండి

క్యాలెండర్ ఒక్కటైన తర్వాత కూడా భూమి గుండ్రంగానే ఉంది. పెర్ల్ హార్బర్ మీద దాడి హవాయిలో 1941 డిసెంబర్ 7 ఉదయం జరిగింది. ఆ సమయానికి టోక్యోలో డిసెంబర్ 8 తెల్లవారుజాము. అందుకే జపాన్ పుస్తకాల్లో ఇది డిసెంబర్ 8 ఘటన. అదే రోజు మలయా (ఇప్పటి మలేసియా)లోని కోటా బారు తీరంలోనూ జపాన్ సైన్యం దిగింది. అక్కడ తేదీ డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి. తేదీలు చూస్తే పెర్ల్ హార్బర్ ముందు, కోటా బారు తర్వాత అనిపిస్తుంది. నిజానికి కోటా బారులో కాల్పులు మొదలైంది గంటకు పైగా ముందే.

చంద్రుడి మీద మనిషి దిగిన తేదీ కూడా చూసే చోటును బట్టి మారుతుంది. అపోలో 11 ల్యాండర్ ఈగిల్ దిగినప్పుడు అమెరికాలో 1969 జులై 20 సాయంత్రం. భారత కాలమానంలో అప్పటికే జులై 21, రాత్రి 1:47. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది అమెరికా తూర్పు తీరంలో 20వ తేదీ రాత్రి 10:56కు, ప్రపంచ ప్రామాణిక సమయంలో మాత్రం 21వ తేదీ 2:56కు. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధ విజయాన్ని పశ్చిమ దేశాలు మే 8న, రష్యా మే 9న జరుపుకునేది కూడా ఇందుకే. జర్మనీ లొంగుబాటు అమల్లోకి వచ్చింది మే 8 రాత్రి 11:01కి, మాస్కోలో అప్పటికే అర్ధరాత్రి దాటింది.

నా సలహా ఏమిటంటే, ఘటన జరిగిన చోటి సమయాన్నే పట్టుకోండి. అంతరిక్షంలో జరిగిన వాటికి అధికారికంగా నమోదైన తేదీ తీసుకుని, అది ఏ సమయమో పక్కన రాయండి.

అర్ధరాత్రి దాటి సాగిన ఘటనలకు రెండు తేదీలూ చెప్పాల్సిందే. అబ్రహం లింకన్‌పై కాల్పులు జరిగింది 1865 ఏప్రిల్ 14 రాత్రి, ఆయన చనిపోయింది 15 ఉదయం 7:22కు. టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి, మునిగిపోయింది 15 తెల్లవారుజామున 2:20కి. ఈ రెండు విషాదాలూ ఒకే రెండు తేదీల మీద పరుచుకుని ఉన్నాయి. ఏప్రిల్ 14 పేజీలో ‘టైటానిక్ మునిగింది’ అని కనిపిస్తే అది తప్పు. ‘మంచుకొండను ఢీకొంది’ అంటే ఒప్పు.

5. ఆధారం ఎంత గట్టిదో చూసుకోండి

రెండు చోట్ల ఉంది కదా అని నమ్మడానికి లేదు. ఒకరి జాబితా నుంచి ఇంకొకరు కాపీ చేసుకోవడం ఈ రంగంలో మామూలు, పది చోట్ల కనిపించినా మూలం ఒక్కటే కావచ్చు. ఆ ఘటనతో నేరుగా సంబంధం ఉన్న ఆధారం ఒకటైనా ఉండాలి: ఆనాటి పత్రిక, చట్టం పాఠం, కోర్టు తీర్పు, సంస్థ రికార్డు. రెండోది దాన్ని పరిశోధించి రాసిన మంచి పుస్తకం అయితే చాలు. మూడో అభిప్రాయం ఏదైనా ఎదురైతే అప్పుడు లోతుగా వెళ్లండి.

పాత కాలపు పుట్టినరోజుల దగ్గర ఒక నిమిషం ఎక్కువ ఆగండి. షేక్‌స్పియర్ ఏప్రిల్ 23న పుట్టాడన్నది వాడుక మాత్రమే. రికార్డులో ఉన్నది 1564 ఏప్రిల్ 26న జరిగిన బాప్తిస్మం. బీథోవెన్‌కూ అంతే, 1770 డిసెంబర్ 17 బాప్తిస్మం తేదీ. పుట్టిన తేదీ ఊహ అయినప్పుడు ఎంట్రీ కూడా ‘బాప్తిస్మం’ అనే చెప్పాలి.

6. తేదీ ఎందుకు కలిసిందో అడగండి

ఇక్కడిదాకా చేసింది కాపలా పని. మీ పేజీ మిగతావాటి కంటే ఎందుకు మెరుగో తేలేది ఇక్కడే. రెండు ఘటనలు ఒకే తేదీన ఉన్నాయంటే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. యాదృచ్ఛికం కావచ్చు. రెండోదానికి ఎవరో కావాలని ఆ తేదీని ఎంచుకుని ఉండొచ్చు. లేదా మొదటి ఘటన వార్షికోత్సవమే రెండోదానికి దారితీసి ఉండొచ్చు. ఈ మూడూ ఒకే తేదీలో చూడాలంటే జర్మనీ నవంబర్ 9ని మించింది లేదు.

1918 నవంబర్ 9న జర్మన్ చక్రవర్తి కైజర్ పదవి వదులుకున్నట్టు ప్రకటన వచ్చింది, బెర్లిన్‌లో సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ గణతంత్రాన్ని ప్రకటించాడు. 1923 నవంబర్ 9న మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు పోలీసు కాల్పులతో ముగిసింది. నాజీలు అధికారంలోకి వచ్చాక ఏటా ఆ తేదీన మ్యూనిక్‌లో చేరి ‘అమరవీరుల’ సభ జరిపేవారు. 1938లోనూ అలాగే నాయకులంతా అక్కడే ఉన్నారు. రెండు రోజుల ముందు పారిస్‌లో ఒక యూదు యువకుడి కాల్పుల్లో గాయపడిన జర్మన్ దౌత్యాధికారి ఫోమ్ రాట్ చనిపోయాడన్న వార్త ఆ సాయంత్రమే వచ్చింది. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ అక్కడికక్కడే రెచ్చగొట్టే ప్రసంగం చేశాడు. సభలో ఉన్న నాయకులు తమ తమ ఊళ్లకు ఫోన్లలో ఆదేశాలు ఇచ్చారు. ఆ రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి, దుకాణాల అద్దాలు పగిలాయి, సుమారు 30,000 మంది యూదు పురుషులను పట్టుకుపోయారు. నాయకులందరూ ఒకే గదిలో ఉండడానికి కారణం ఆ వార్షికోత్సవమే. 1923కూ 1938కీ మధ్య తేదీ ఇక్కడ నేరుగా పనిచేసింది.

1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకోవడం అలాంటిది కాదు. ఆ సాయంత్రం పత్రికా సమావేశంలో షబోవ్‌స్కీ అనే తూర్పు జర్మనీ అధికారిని, కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటి నుంచి అని విలేకరులు అడిగారు. ఆయన కాగితాలు తిరగేసి, తనకు తెలిసినంతవరకు తక్షణమే అన్నాడు. జనం గోడ దగ్గరకు పరుగెత్తారు. నిజానికి నిబంధనలు మర్నాటి నుంచి అమలు కావాలి. ఆ తేదీ పూర్తిగా యాదృచ్ఛికం. ఆ తర్వాత దేశ ఏకీకరణ దినంగా అక్టోబర్ 3 నిలిచింది. నవంబర్ 9 ఎంత సంతోషకరమైనదైనా, 1938 రాత్రి ఉన్న తేదీని పండుగ చేయడం కష్టం. ఈ నాలుగు ఘటనలనూ ఊరికే నాలుగు లైన్లుగా రాస్తే పాఠకుడికి ఇందులో ఏదీ అందదు.

కావాలని ఎంచుకున్న తేదీలు గుర్తించడం తేలిక, ఎంచుకున్నవాళ్లు మామూలుగా ఆ సంగతి చెప్పుకుంటారు. 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నారు కాబట్టే రాజ్యాంగం అమలు ఆ తేదీ దాకా ఆగింది. జపాన్ లొంగిపోయిన రెండో వార్షికోత్సవం కాబట్టి మౌంట్‌బాటన్ 1947లో ఆగస్టు 15ను ఎంచుకున్నాడు. దక్షిణ కొరియా 1948లో అదే తేదీన ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకుంది, జపాన్ పాలన నుంచి విముక్తి వచ్చిన రోజది. మన ఆగస్టు 15కూ, కొరియన్ల ఆగస్టు 15కూ మూలం ఒక్కటే అని తెలిస్తే ఆ పేజీ చదవడమే మారిపోతుంది.

యాదృచ్ఛికాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి, ఎందుకంటే అవి కావాలని చేసినట్టు కనబడతాయి. 1961 ఏప్రిల్ 12న గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లాడు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1981 ఏప్రిల్ 12న అమెరికా తొలి స్పేస్ షటిల్ కొలంబియా లేచింది. ఎవరికైనా ఇది ముందుగా అనుకుని చేసినట్టే ఉంటుంది. కానీ కొలంబియా బయల్దేరాల్సింది ఏప్రిల్ 10న. కంప్యూటర్ల మధ్య సమయం కుదరక రెండు రోజులు వాయిదా పడింది. కాబట్టి పాత షెడ్యూల్ ఏమిటో చూడకుండా ‘గగారిన్ గౌరవార్థం’ లాంటి మాట రాయొద్దు.

మెక్సికో సెప్టెంబర్ 19 ఇంకా విచిత్రం. 1985 సెప్టెంబర్ 19 ఉదయం 8 తీవ్రతతో వచ్చిన భూకంపం మెక్సికో నగరంలో వేలమందిని బలి తీసుకుంది. ఆ జ్ఞాపకంగా ఏటా ఆ తేదీన దేశమంతా భూకంప డ్రిల్ జరుపుతారు. 2017లో ఉదయం 11 గంటలకు డ్రిల్ అయింది, మధ్యాహ్నం 1:14కు 7.1 తీవ్రతతో నిజంగానే భూమి కంపించింది. 2022లో మళ్లీ డ్రిల్ జరిగిన గంటలోపే, 1:05కు సుమారు 7.6 తీవ్రతతో మరోటి. అక్కడి జనానికి ఆ తేదీ అంటే టెన్షన్ పట్టుకుంది, అది సహజం. కానీ భూఫలకాలకు క్యాలెండర్ తెలియదు. డ్రిల్ ఆ తేదీన ఉండడానికి 1985 కారణం. భూకంపాలు ఆ తేదీన రావడానికి కారణం ఏదీ లేదు. రాసేటప్పుడు ఈ రెండింటినీ విడదీయండి.

ఇన్ని కలయికలు ఎలా సాధ్యమని అనుమానం వస్తే లెక్క చూసుకోండి. 23 మంది ఒక గదిలో ఉంటే వారిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించి ఉంటుంది. చరిత్రలో పేరున్న వెయ్యి ఘటనలు తీసుకుంటే ఒక్కో తేదీకి సగటున రెండు మూడు పడతాయి. కలయికలు రాకపోతేనే వింత. అలాగని అన్నింటినీ లెక్కకు వదిలేయడమూ కుదరదు. 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన రోజునే అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ చనిపోయారు. ఐదేళ్లకు అదే తేదీన మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో. ముసలితనంలో ఉన్నవాళ్లు ఒక ముఖ్యమైన రోజు దాకా ప్రాణం పట్టుకుని ఉన్నారా అన్న ప్రశ్నను చాలామంది అడిగారు. ఖాయంగా చెప్పే జవాబు లేనప్పుడు ఘటన చెప్పి ఆగడమే మంచిది.

7. ఏరండి

ఈపాటికి మీ దగ్గర ముప్పై నలభై ఎంట్రీలు మిగిలి ఉండొచ్చు. ఎనిమిది పది చాలు. యుద్ధాలు, హత్యలు, ప్రమాదాలు వాటంతటవే పైకి వస్తాయి, వాటి తేదీలు బాగా నమోదై ఉంటాయి కాబట్టి. చట్టాలు, వైద్యం, ఆటలు, కళలు, జనం సాధించుకున్న హక్కులు మీరు వెతికితేనే వస్తాయి. మెక్సికో భూకంపాలున్న సెప్టెంబర్ 19నే, 1893లో న్యూజిలాండ్ మహిళలకు ఓటు హక్కు వచ్చింది. ఆ ఎంట్రీ లేని సెప్టెంబర్ 19 పేజీ అసంపూర్ణమని నా గట్టి అభిప్రాయం.

ప్రాచీన కాలం గురించి కూడా ఒక మాట. రోజుతో సహా తేదీ దొరికే ఘటనలు పాత చరిత్రలో చాలా తక్కువ. అశోకుడి పట్టాభిషేకానికి, అజంతా చిత్రాలకు ఏ పేజీలోనూ చోటు దొరకదు. లేని తేదీని తెచ్చి అతికించొద్దు. ‘చరిత్రలో ఈ రోజు’ చరిత్ర మొత్తాన్ని చూపించలేదు, చూపించాల్సిన అవసరమూ లేదు.

8. రాయండి

పాత ఏడాది నుంచి కొత్త ఏడాదికి వరుసగా పేర్చండి. ఒక్కో ఎంట్రీకి రెండు మూడు వాక్యాలు. మొదటి వాక్యం ఘటన, రెండోది అది ఎందుకు ముఖ్యమో, వీలైతే మూడోది ఒక్క వివరం. న్యూజిలాండ్ ఎంట్రీనే తీసుకుందాం. ‘1893: న్యూజిలాండ్‌లో మహిళలకు ఓటు హక్కు’ అని వదిలేస్తే చదివినవాళ్లు పక్కకు జరుగుతారు. ఇలా రాసి చూడండి:

‘1893: మహిళలకు ఓటు హక్కు ఇచ్చే ఎన్నికల చట్టంపై న్యూజిలాండ్ గవర్నర్ సంతకం చేశారు. స్వపరిపాలన ఉన్న దేశాల్లో జాతీయ ఎన్నికల్లో మహిళలందరికీ ఓటు ఇచ్చిన మొదటిది ఇదే. కేట్ షెపర్డ్ నాయకత్వంలో మహిళలు ఆ ఏడాది సుమారు 32,000 సంతకాలతో పిటిషన్ ఇచ్చారు. పోటీ చేసే హక్కు మాత్రం 1919 దాకా రాలేదు.’

చివరి వాక్యం వల్ల ఆ ఎంట్రీ నిజాయతీగా నిలబడింది. ‘మొదటిది’ అని రాసిన ప్రతిచోటా ఏ విషయంలో మొదటిదో గీత గీయాలి.

విషాదాలను మరీ క్లుప్తంగా, మరీ అలంకారంగా రాయకండి. మృతుల సంఖ్య ఖాయంగా తెలిస్తేనే ఇవ్వండి. ఆశ్చర్యార్థకాలు భూకంపాల పక్కన వద్దు. తేదీలు ఎందుకు కలిశాయో ఆరో దశలో తేలింది కదా, అది పేజీ పైభాగంలో రెండు వాక్యాల్లో చెబితే మిగతా ఎంట్రీలను ఆ దృష్టితో చదువుతారు.

9. పేజీని వదిలేయకండి

ఫిబ్రవరి 29కి విడిగా పేజీ పెట్టండి, 28లో కలిపేయొద్దు. 1900 గ్రెగోరియన్‌లో లీపు సంవత్సరం కాదు, రష్యా జూలియన్‌లో మాత్రం అవును. ఆ ఏడాది రష్యా తేదీలు వస్తే చూసుకోండి. స్వీడన్‌లో అయితే క్యాలెండర్ మార్పు సగంలో ఆగి తికమక కావడంతో 1712లో ఫిబ్రవరి 30 కూడా వచ్చింది!

కొత్త ఆధారం దొరికితే శతాబ్దాలుగా ఉన్న తేదీ కూడా కదులుతుంది. ఇటలీలోని రోమన్ నగరం పాంపేను బూడిదలో ముంచిన వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటనం క్రీ.శ. 79 ఆగస్టు 24న జరిగిందని ఆ విస్ఫోటనాన్ని చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరం ప్రతుల ఆధారంగా అనుకునేవారు. తవ్వకాల్లో దొరికిన శరత్కాలపు పండ్లు చూసి కొందరు ముందే అనుమానించారు. 2018లో పాంపేలో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. దానిలో అక్టోబర్ 17కు సరిపోయే తేదీ ఉంది. అంత తేలిగ్గా చెరిగిపోయే బొగ్గు రాత ఎక్కువ కాలం నిలిచే అవకాశం లేదు కాబట్టి, విస్ఫోటనం అక్టోబర్ 24 ప్రాంతంలో జరిగి ఉంటుందని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. రాతలో సంవత్సరం లేదు, చర్చ ఇంకా ముగియలేదు. అలాంటి ఎంట్రీని ఆగస్టు 24 పేజీలో ‘సంప్రదాయ తేదీ’ అన్న మాటతో ఉంచి, అక్టోబర్ 24 పేజీలోనూ వేయండి. ఏ పేజీ నుంచి వచ్చినవారికైనా రెండోది ఉందని తెలిసేలా ఒకదాని కింద ఇంకోదాని తేదీ రాయండి. స్ప్రెడ్‌షీట్‌లో చివరిసారి సరిచూసిన ఏడాదికి కూడా ఒక గడి పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఆ తేదీ తిరిగొచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.